గుండెమంట గలవారికి బరువు తగ్గించు శస్త్రచికిత్స – ఏది తగును?



మన సీమలో "గ్యాసు" అను మాట వినబడని యిల్లు లేదు. భోజనమైన గంటకు రొమ్ము నడుమ మంట పుట్టినను గ్యాసే. నడిరేయి పులినీరు గొంతునకు ఎగదన్ని మేలుకొలిపినను గ్యాసే. తెల్లవారి గొంతు బొంగురుపోయినను గ్యాసే. పిల్లవానిని మందులంగడికి పంపి ఒక మాత్ర తెప్పించి మ్రింగి మరల పనిలో పడుట మనకు వాడుకయైపోయినది. ఈ మంటతోపాటు శరీరభారము కూడ మితిమీఱి పెరిగినవారు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములలో మా యెఱుకలోనే పలువురు గలరు. వారిలో కొందఱికి ఇప్పుడు బెంగుళూరు వైద్యులు జీర్ణాశయముపై శస్త్రచికిత్స చేయించుకొని బరువు తగ్గించుకొనుడని చెప్పుచున్నారు. చేయించుకొనవలెనా, వలదా యని యింటిల్లిపాదియు తర్కించుచున్నారు గాని, చేయించుకొన్నచో ఏది చేయించుకొనవలెనని అడుగువారు అరుదు. గుండెమంట గల స్త్రీకి ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యము. ఏలయన, ఆ శస్త్రచికిత్సలలో ఒకటి మంటను చల్లార్చును. మఱియొకటి మంటను పెంచవచ్చును, లేనివారికి క్రొత్తగా పుట్టింపనువచ్చును. నేడు ఎక్కువమందికి చేయబడుచున్నది ఆ రెండవదియే.

మా యింట వైద్యులెవ్వరును లేరు. మావారు బడిపంతులు, మేము తండ్రిగారియొద్ద నాలుగు సంస్కృతాంధ్ర గ్రంథములు చదువుకొన్నవారము. హిందూపురమున నుండు మా వదినగారికి ఈ చిక్కు వచ్చినప్పుడు ఆమెకు తోడుగా పలుమారులు బెంగుళూరు రైలెక్కి, వైద్యులను అడిగినవియు, వారు చూపిన పత్రములలో చదివినవియు ఇచ్చట వ్రాయుచున్నాము. ఎవరి శరీరము సంగతి వారి వైద్యుడు చూచి చెప్పవలసినదే. ఆయనను ఏమి అడుగవలెనో తెలిసి పోవుటకు ఇది యక్కఱకు రావచ్చును.

ఈ రెండు వ్యాధులును మన పూర్వులకు క్రొత్తవి కావు. మాధవనిదానమున ఆమ్లపిత్తమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము గలదు. మేదోరోగమునకు వేఱొకటి గలదు. చరకసంహిత సూత్రస్థానము 21వ అధ్యాయమున అతిస్థూలుని గూర్చియు అతికృశుని గూర్చియు విస్తారముగా చెప్పబడినది. అతిస్థూలునకు గల ఎనిమిది దోషములలో ఆయుఃక్షయమును, మితిలేని ఆకలిదప్పులును చేరియున్నవి. ఇద్దఱిలో కృశుడే కొంత మేలని కూడ ఆచార్యుని తీర్పు. స్థూలకాయము నవ్వులాటకు వచ్చినది కాదు, వ్యాధియేయని అంతటి ప్రాచీనులు గ్రహించియుండగా, పెండ్లిపందిట లావుపాటి యాడుదానిని చూచి ముసిముసి నవ్వులు నవ్వువారిని నేటికిని చూచుచున్నాము!

మంట యేల కలుగును? అన్ననాళము జీర్ణాశయమును కలియు చోట కండరముతో నైన యొక ద్వారము గలదు. అన్నము దిగునప్పుడు తెఱచుకొని, దిగిన పిమ్మట మూసికొనుట దాని పని. పొట్టలో క్రొవ్వు పెరిగినకొలది అది జీర్ణాశయమును క్రిందినుండి నొక్కుచుండును, ద్వారము సడలును, పులినీరు పైకెక్కును. జీర్ణాశయమునకు ఆ పులుపును తట్టుకొను లోపొర గలదు, అన్ననాళమునకు లేదు. కావుననే కాలును. కొందఱిలో జీర్ణాశయపు పైభాగమే విభాజకపటలము సందున జాఱి రొమ్ములోనికి వచ్చియుండును. దీనిని హయాటస్ హెర్నియా యందురు. అది యున్నవారికి ద్వారము సరిగా మూసికొనదు.

మన వాడుకలును దీనికి తోడగును. ప్రొద్దుపోయిన పిమ్మట రాగిసంగటి ముద్దలు పులుసుతో మ్రింగి, చేయి కడుగుకొన్న వెంటనే పండుకొనుట మన సీమలో సాధారణము. ధర్మవరమున మగ్గపు గుంటలో కాళ్లు దించి, పొట్ట ముడుచుకొని ముందునకు వంగి నేయువారికిని, హిందూపురపు బట్టల కర్మాగారములలో దినమంతయు కుట్టుయంత్రముల ముందు వంగి కూర్చుండువారికిని భోజనమైన వెంటనే పనికి కూర్చున్నచో మంట హెచ్చును. అందఱును మిరపకాయను నిందింతురు గాని, మా యభిప్రాయమున వేళగాని వేళ తినుటయు, తిన్న వెంటనే వాలుటయు మిరపకాయ కంటె పెద్ద నేరస్థులు. రాత్రి భోజనమునకును శయ్యకును నడుమ మూడు గంటలు ఎడముంచుట, మంచము తలవైపు కోళ్ల క్రింద ఇటుకలుంచి యెత్తు చేయుట, ఎడమవైపు తిరిగి పండుకొనుట యను మూడింటికి కాసు ఖర్చు లేదు.

ఒక హెచ్చరిక. రొమ్ములో నొప్పి చేతికో దవడకో ప్రాకినను, చెమటలు పట్టినను, ఊపిరి ఆడకున్నను అది గ్యాసని మాత్ర వేసికొని పండుకొనరాదు. తక్షణము ఆసుపత్రికి పోవలెను. స్త్రీలకు గుండెపోటు అజీర్తివలె కనబడుట కలదు. మ్రింగుట కష్టమైనను, రక్తము వాంతియైనను, మలము నల్లగా పోయినను, కారణము లేక చిక్కిపోవుచున్నను అటులే జాగు చేయరాదు.

ఇక బరువు సంగతి. బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటరులలో దానిచే దానినే గుణించి, వచ్చిన దానిచే బరువును భాగించిన వచ్చు సంఖ్యకు బి.యం.ఐ. యని పేరు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 36 మందికి ఈ సంఖ్య 25 గాని, అంతకు మించి గాని యున్నట్లు తేలినది. బరువు తగ్గిన మంట తగ్గునా యన్న ప్రశ్నకు అమెరికాలో నర్సులను ఏండ్ల తరబడి గమనించిన పరిశోధన 2006లో సమాధానము చెప్పినది. 10,000 మందికి పైబడిన స్త్రీలను విచారింపగా, బి.యం.ఐ. 3.5 తగ్గినవారిలో తఱచు మంట వచ్చుట నూటికి దాదాపు 40 వంతులు తక్కువగా నుండెను. 152 సెంటీమీటరుల ఎత్తు గల స్త్రీకి ఆ 3.5 అనగా 8 కిలోలు. ఇది శస్త్రము లేకుండనే సాధింపదగినదే. కాబట్టి కొలదిగా లావెక్కినవారు కత్తి మాట తలపెట్టనక్కఱ లేదు. 2025లో మన దేశమున మౌంజారో, వెగోవీ యను పేర్లతో వారపు సూదిమందులు కూడ విక్రయమునకు వచ్చినవి. అవి ఆకలిని చంపి బరువు దించును. అయితే జీర్ణాశయము ఖాళీ యగుటను ఆలస్యము చేయును గనుక కొందఱికి వికారమును పులిత్రేనుపులును హెచ్చును; మానివేసినచో బరువు మరల చేరుట తఱచు.

శస్త్రచికిత్స యెవరికి? ఇందు కొలమానములు పలువిధములు. మన దేశపు నిపుణులు 2009లో కూడి, ఇతర వ్యాధులు లేనివారికి బి.యం.ఐ. 37.5, మధుమేహాదులు గలవారికి 32.5 మించిన పిమ్మట దీనిని తలంపవచ్చునని నిర్ణయించిరి. 2022లో అమెరికా శస్త్రవైద్యసంఘమును అంతర్జాతీయ సమాఖ్యయును కలిసి, వేఱు వ్యాధి యున్నను లేకున్నను 35 మించిన చాలుననియు, ఆసియావాసులకు 27.5 నుండియే చేయవచ్చుననియు ప్రకటించిరి. 152 సెంటీమీటరుల ఎత్తును 85 కిలోల బరువును గల యిల్లాలికి ఈ సంఖ్య 36.8 వచ్చును. ఆమెకు వేఱు వ్యాధి లేనిచో మొదటి లెక్కకు తగదు, రెండవదానికి తగును! భీమా సంస్థల లెక్క మఱియొకటి. భీమా నియంత్రణ సంస్థ నిబంధన ప్రకారము 40 మించవలెను. లేదా 35 మించి, గుండె కండరపు వ్యాధియో, గుండె రక్తనాళముల వ్యాధియో, నిద్రలో ఊపిరి తీవ్రముగా ఆగు వ్యాధియో, అదుపు తప్పిన మధుమేహమో ఉండవలెను. గుండెమంట ఆ పట్టికలో లేదు. కనుక 36.8 గల స్త్రీ తనకు మంట యున్నదని ఎంత మొఱపెట్టినను దానిని బట్టి ధనము రాదు. ఈ సంగతి ముందే తెలిసికొని, సంస్థవారిచే వ్రాతమూలముగా ఉత్తరము పొందిన పిమ్మటనే ఆసుపత్రిలో చేరుట మేలు.

నేడు మన దేశమునను, లోకమునను మిక్కిలిగా చేయబడు శస్త్రచికిత్స స్లీవ్ అనునది. జీర్ణాశయమును నిలువునా కోసి, ఎడమవైపున ఉబ్బియుండు సంచివంటి భాగమును, అనగా నూటికి 75 మొదలు 80 వంతులు, బయటికి తీసివేయుదురు. మిగులునది అరటికాయవంటి సన్నని గొట్టము. కొంచెము తిన్నంతనే కడుపు నిండును. ఆకలి పుట్టించు రసము పుట్టు భాగము కూడ పోవుటచే ఆకలి తగ్గును. ప్రేగులను ముట్టరు. ఒక చిత్రమేమన, ఇది మొదట స్వతంత్రముగా పుట్టిన చికిత్స కాదు. మిక్కిలి భారీకాయులకు పెద్ద శస్త్రచికిత్స ఒక్కమారుగా చేయుట ప్రమాదమని, మొదటి మెట్టుగా ఇది చేసి, కొంత తగ్గిన పిమ్మట రెండవ మెట్టు చేయుచుండిరి. మొదటి మెట్టుతోనే పలువురు తగినంత తగ్గుట చూచి, అక్కడనే ఆపుట వాడుకయైనది. తక్కువ సేపు పట్టును, ప్రేగుల జోలి లేదు, పోషకములు అంతగా తప్పిపోవు. కాబట్టియే వైద్యులకును రోగులకును ఇది యిష్టమైనది. మంట లేనివారికి ఇది మంచి చికిత్సయే.

మంట గలవారి సంగతి వేఱు. వెడల్పాటి గిన్నెలో పాలు కాచినచో పొంగుటకు తడవు పట్టును; సన్నని చెంబులో కాచినచో చూచుచుండగనే అంచు దాటును. స్లీవ్ పిమ్మట జీర్ణాశయము ఆ చెంబు వంటిది. సాగి చోటిచ్చు సంచిభాగము పోయినది, గొట్టము సాగదు, లోపలి ఒత్తిడి హెచ్చును. అడుగున ప్రేగులోనికి పోవు ద్వారము ఎప్పటివలె మూసియే యుండుటచే ఒత్తిడికి పైద్వారమే దారి. పైగా ఆ పైద్వారమునకు ఆనుకొని పట్టియుంచు కండరపు పోగులును, అన్ననాళము జీర్ణాశయముతో చేయు మూలయును కోతలో చెడవచ్చును. బరువు తగ్గుటవలన కలుగు మేలు ఒకవైపు, ఈ ఒత్తిడివలన కలుగు కీడు ఒకవైపు. ఏది నెగ్గునో ఒక్కొక్క శరీరమున ఒక్కొక్క విధముగా నుండును.

స్విట్జర్లాండు వైద్యులు 217 మందికి చీట్లు వేసినట్లు కొందఱికి స్లీవ్, కొందఱికి బైపాస్ చేసి, అయిదేండ్లు గమనించి 2018లో ఫలితములు ప్రకటించిరి. ముందే మంట యున్నవారిలో, స్లీవ్ చేయించుకొన్నవారికి నూటికి 25 మందికి నయమైనది, 32 మందికి హెచ్చినది. బైపాస్ వారిలో నూటికి 60 మందికి నయమైనది, హెచ్చినది 6 మందికే. ఫిన్లాండు వైద్యులు 240 మందికి ఇటులే చేసి, పదేండ్ల పిమ్మట గొంతులో గొట్టము వేసి చూడగా, స్లీవ్ వారిలో నూటికి 31 మందికిని, బైపాస్ వారిలో 7 మందికిని అన్ననాళము పుండుపడి యుండెను. ఇది 2022లో ప్రకటింపబడినది. దీర్ఘకాలపు మంటచే అన్ననాళపు లోపొర మాఱిపోవుటకు బారెట్ వ్యాధియని పేరు. 1950లో దీనిని గూర్చి వ్రాసిన బ్రిటను శస్త్రవైద్యుని పేర వచ్చినది. ఎంతో తక్కువమందికైనను అది పుట్టకురుపునకు దారితీయవచ్చును గనుక భయపడుదురు. ఆ ఫిన్లాండు పరిశోధనలో బారెట్ మాత్రము రెండు పక్షములందును సమానముగా, నూటికి 4 చొప్పున మాత్రమే కనబడినదని కూడ చెప్పుట న్యాయము.

ఇక బైపాస్. 1966లో అమెరికాలోని ఐయోవాలో మేసన్ అను శస్త్రవైద్యుడు దీనికి మొదలు పెట్టెను. నేడు చేయు విధమునకు స్విట్జర్లాండునకు చెందిన రూ అను పూర్వపు శస్త్రవైద్యుని పేరు చేర్చి పిలుతురు. ప్రేగులను ఆంగ్ల "వై" అక్షరమువలె అతుకు పద్ధతి ఆయనది. జీర్ణాశయపు పైకొనను కోడిగ్రుడ్డంత చిన్న సంచి, అనగా సుమారు 30 మిల్లీలీటరులు పట్టునది, వేఱుచేసి, చిన్నప్రేగును తెంచి ఒక కొనను దానికి అతుకుదురు. మిగిలిన జీర్ణాశయమును తీసివేయరు. అది లోపలనే యుండి తన రసములను క్రిందుగా ప్రేగులోనికి వదలుచుండును, కాని అన్నము దానిగుండ పోదు. ఆ చిన్నసంచిలో పులుపు పుట్టు కణములు మిక్కిలి తక్కువ. పైత్యరసము ఎంతో దిగువను వచ్చి కలియును గనుక పైకెక్కజాలదు. మంట చల్లాఱుటకు ఇదియే హేతువు. కావుననే, మంట తీవ్రముగా నున్నవారికి, పెద్ద హెర్నియా గలవారికి, అన్ననాళము పుండుపడినవారికి, బారెట్ గలవారికి బైపాస్‌ను మొదట తలంపవలెనని శస్త్రవైద్యులలో అత్యధికుల మతము.

మినీ బైపాస్ అను మూడవ విధము మన దేశమున విస్తారముగా చేయబడుచున్నది. పేరున బైపాస్ ఉన్నది గదాయని రెండును ఒకటేయని భ్రమింపరాదు. ఇందు అతుకు ఒక్కటే. పైత్యరసము ఆ అతుకు ప్రక్కగనే పాఱును. ఫ్రాన్సున జరిగి 2019లో ప్రకటింపబడిన పరిశోధనలో, రెండేండ్ల పిమ్మట చూడగా మినీ బైపాస్ వారిలో నూటికి 16 మందికి పైసంచిలో పైత్యరసము కనబడినది. రూ బైపాస్ వారిలో ఒక్కరికిని లేదు. పులుపు మంట తగ్గి పైత్యపు మంట వచ్చుట మేలు కాదు. వైద్యుడు బైపాస్ అన్నప్పుడు, "అతుకులు ఒకటా, రెండా?" యని తప్పక అడుగవలెను.

బైపాస్ మంటకు మందు గదాయని దాని మూల్యమును దాచరాదు. ఇనుము పీల్చుకొను ప్రేగుభాగమును అన్నము తప్పించుకొని పోవును. మన స్త్రీలలో సగమునకు మించినవారు మొదటినుండియే రక్తహీనులు. నెలసరి రక్తము ఎక్కువగా పోవువారు మఱింత పాలిపోవుదురు. ఇనుము, బి12, కాల్షియము, డి విటమిను మాత్రలు బ్రతికినంతకాలము మానరాదు. ఏటేట రక్తపరీక్ష చేయింపవలెను. "బాగున్నాను గదా, మాత్రలేల?" యని రెండేండ్లకు మానివేయువారు కాళ్లు తిమ్మిరిగొని, జుట్టు రాలి, ఒళ్లు తూలి మరల వత్తురు. బెల్లము, ఓళిగలు, పాయసము తిన్న అరగంటలోపల గుండె దడదడలాడి చెమటలు పోసి పడిపోవువారు గలరు. దానిని డంపింగ్ అందురు. హిందూపురము బెల్లపు బజారున పుట్టి పెరిగినవారికి ఈ శిక్ష తక్కువది కాదు! ఏండ్లు గడచిన పిమ్మట కూడ ప్రేగు లోపల మెలిపడుట కలదు. కడుపునొప్పి హఠాత్తుగా తీవ్రముగా వచ్చినచో, తమకు బైపాస్ జరిగినదని చెప్పుచు వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను.

మఱియొకటి మన నేతకుటుంబములు ప్రత్యేకముగా ఎఱుగవలసినది. మోకాళ్లకు, నడుమునకు నొప్పిమాత్రలు దినదినము మ్రింగు అలవాటు మగ్గముల వీథులలో మిక్కిలిగా చూచినాము. బైపాస్ పిమ్మట డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు అతుకు వద్ద పుండు పుట్టించును. అది చిల్లిపడినచో ప్రాణాపాయము. పొగాకును అటువంటిదే, బీడీ రూపమున గాని, ఆకువక్కతో నమలు రూపమున గాని. ఈ మాత్రలు మానజాలనివారికి బైపాస్ తగునా యని వైద్యుడు సంకోచించుట ఇందువలననే.

పరీక్షల సంగతి కొంత చెప్పవలెను. ఏ శస్త్రచికిత్సకైనను ముందు ఎండోస్కోపీ చేయించుకొనక ఒప్పుకొనరాదని మా గట్టి యభిప్రాయము. మంట తెలియనివారిలో కూడ పుండో హెర్నియాయో బయటపడుట కలదు. మంట మంట యని బాధపడువారిలో అన్ననాళము నిర్మలముగా నుండుటయు కలదు. అందు కనబడిన పుండ్లను ఏ, బి, సి, డి యని నాలుగు తరగతులుగా వ్రాయుదురు. సి, డి అని యున్నచో తీవ్రమని యర్థము. తేలనిచోట ముక్కుగుండ సన్నని తీగ వేసి 24 గంటలు పులుపును కొలుచు పరీక్ష గలదు. జీర్ణాశయమున హెచ్. పైలోరీ యను క్రిమి యున్నదేమో ముందే చూచి మందు వాడుట మంచిది. బైపాస్ పిమ్మట మూసిపోయిన జీర్ణాశయములోనికి గొట్టము పోజాలదు గదా.

మా వదినగారికి మొదట ఒకచోట స్లీవ్ చాలునని చెప్పిరి. ఏడేండ్లుగా మంటకు మాత్ర మ్రింగుచున్నానని ఆమె చెప్పలేదు. అదియును ఒక వ్యాధియేయని ఆమెకు తోచలేదు, వారును అడుగలేదు. రెండవచోట వైద్యురాలు మందుల సంచి యంతయు బల్లమీద బోర్లింపించి, ఆ మాత్రల అట్టను చూచి, ఎండోస్కోపీ వ్రాసినది. హెర్నియాయు, అన్ననాళమున పుండ్లును కనబడినవి. మధుమేహమును అదుపు తప్పియుండెను. రెండు అతుకుల బైపాస్ నిశ్చయమైనది. అత్తగారు మాత్రము, "కడుపు కోయించుకొనుటకంటె రెండు పూటలు పస్తుంటే పోలేదా కోడలా?" యని కన్నీరు పెట్టుకొన్నారు. పదునాఱేండ్లుగా ఏకాదశులన్నియు పస్తున్న కోడలామె! మొదటి రెండు వారములు మజ్జిగతేట, పప్పుకట్టు, పలుచని రాగిజావ. ఆపై మెత్తని పదార్థములు. నెల దాటిన పిమ్మట అన్నము. అన్నిటికంటె కష్టమైనది సంగటి. చిన్ననాటినుండి ముద్దను నమలక మ్రింగుట నేర్చినవారము. ఇప్పుడు గోలీకాయంత ముక్కను ఇరువది మారులు నమలవలె. ఒకనాడు మఱచి మ్రింగగా రొమ్మున అడ్డుపడి గంటసేపు విలవిలలాడినారు. ఎనిమిది నెలలైనది. "ఏడేండ్లకు దిండ్లెత్తు లేకుండ వెల్లకిల పండుకొని తెల్లవారువఱకు నిద్రపోయినానమ్మా" యని మొన్న చెప్పినారు.

పెనుకొండలో మాకు పరిచయమైన యొక ఉపాధ్యాయిని నాలుగేండ్ల క్రిందట స్లీవ్ చేయించుకొన్నారు. ముప్పది కిలోలు తగ్గినారు. మోకాళ్ల నొప్పి పోయినది. కోటకొండ మెట్లు పిల్లలతో సమానముగా ఎక్కుచున్నారు. అయితే రెండవ యేటనుండి రాత్రివేళ పులినీరు నోటికి వచ్చుచున్నది. ఇట్టివారు నిరాశపడనక్కఱ లేదు. మందులకు లొంగనిచో స్లీవ్‌ను బైపాస్‌గా మార్చు శస్త్రచికిత్స గలదు. మొదటిదానికంటె కష్టమైనను చేయుచునే యున్నారు. మంట లేకున్నను స్లీవ్ గాని, మినీ బైపాస్ గాని చేయించుకొన్నవారు ఒక యేటికిని, ఆపై రెండు మూడేండ్లకొకమారును ఎండోస్కోపీ చేయించుకొనవలెనని 2020లో అంతర్జాతీయ సమాఖ్య సూచించినది. ఆమెకు ఆ మాట ఎవ్వరును చెప్పియుండలేదు, ఇప్పుడు చేయించుకొన్నారు.

పడుచువారికి ఒక మాట. బరువు తగ్గినంతనే, అంతకు ముందు కాన్పు లేనివారికి సయితము గర్భము నిలుచుట కలదు. శస్త్రచికిత్స జరిగిన 12 మొదలు 18 నెలలవఱకు గర్భము దాల్పరాదని వైద్యులందురు. బైపాస్ పిమ్మట నోటిమాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చును గనుక వేఱు సాధనమును గూర్చి ముందుగనే అడుగవలెను. సిగ్గుపడి ఊరకుండుట తగదు.

ధర్మవరమున మాకు తెలిసిన నేతవారి యిల్లాలొకతె ఇప్పుడు ఈ నిర్ణయపు గడపమీద నిలిచియున్నది. వయస్సు 38. బి.యం.ఐ. 39. మంట నెలకొకమారు రెండు మారులు వచ్చును. ఎండోస్కోపీలో పుండు గాని, హెర్నియా గాని లేదు. మోకాలి నొప్పికి దినమొక మాత్ర మ్రింగుచున్నది. "అక్కా, మీ వదినకు పెద్దది చేసినారు గదా, నాకు చిన్నది చాలునంటారు. నేను బీదదాననని చిన్నది చెప్పినారా?" యని మమ్ము అడిగినది. కాదని చెప్పితిమి. మంట స్వల్పము, అన్ననాళము నిర్మలము, నొప్పిమాత్ర మానుట కష్టము. ఇట్టి శరీరమునకు స్లీవ్ చెప్పుట తప్పు కాదు. మంట హెచ్చు అవకాశము ఆమెకును కలదు. అది తెలిసియే ఒప్పుకొనవలెను. మఱి బైపాస్ కోరినచో నొప్పిమాత్రలు విడువవలెను. మగ్గముపై కూర్చుండుటయే జీవనమైనవారికి అది మాటతో అగు పని కాదు. వైద్యుడు మూడు నెలలు నొప్పిమాత్రలు మాని, మోకాలికి వ్యాయామము చేసి, వేఱు మందుతో గడుపగలదేమో చూడుమన్నాడు. గడపగలిగినచో రెండు దారులును ఆమెకు తెఱచియుండును. ఒక నెల గడచినది. పెనిమిటి మగ్గపు గుంట అంచున ఆమెకొక యెత్తుపీట చేయించి యిచ్చినాడు. దసరాకు ఒప్పుకొన్న పట్టుచీర సగము నేయబడియున్నది. అది మగ్గమునుండి దిగిన పిమ్మట మరల బెంగుళూరికి పోవుదమని యిద్దఱును అనుకొనియున్నారు.